బస్తాలో కాలిన రాయి ఎంత?

నంద్యాల జిల్లా సంజామల చుట్టుపక్కల పైన నల్లరేగడి, కింద సున్నపురాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ సీమలోని శిలల పొరలను వర్ణిస్తూ వాటికి ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టాడు. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నర్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అని అడుగు పొర నుంచి పైకి చదువుకుంటూ వస్తే పల్లెవెలుగు బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది. యాభై కోట్ల ఏళ్లకు పూర్వమే లోతు తక్కువ సముద్రాల అడుగున పేరుకుని గట్టిపడిన ఈ సున్నం మీద ఇవాళ రెండు రకాల పరిశ్రమలు బతుకుతున్నాయి. బేతంచెర్ల, అవుకు, కొలిమిగుండ్ల వైపు రాయిని పలకలుగా కోసి నునుపు చేసే నాపరాళ్ల గనులూ పాలిష్ ఫ్యాక్టరీలూ ఒక రకం. రాయిని పొడి చేసి కాల్చే సిమెంటు ఫ్యాక్టరీలు రెండో రకం. 1950లలో బేతంచెర్ల దగ్గర పాణ్యం సిమెంట్స్ వచ్చి, దాని చుట్టూ సిమెంట్ నగర్ అనే ఊరే వెలిసింది. 2012లో గడివేముల మండలం బిలకలగూడూరు దగ్గర జేఎస్‌డబ్ల్యూ, 2022లో కొలిమిగుండ్ల మండలం కల్వటాల దగ్గర రామ్‌కో ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. దక్షిణాన జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దాకా ఈ వరస సాగుతుంది. సంజామల మీదుగా వెళ్లే నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయింది. అది ఒక విధంగా ఈ రెండు సున్నపురాతి ప్రాంతాలను కలిపే దారి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు వాటా. పరిశ్రమల్లో పొదుపు చేసి కర్బనాన్ని తగ్గించాలంటే ఎక్కడ చెయ్యి వెయ్యాలి అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు.

సాధారణంగా వినిపించే జవాబు ఇంధనం పొదుపు. బొగ్గు తక్కువ కాల్చు, కరెంటు తక్కువ వాడు, పొగ తగ్గుతుంది. గాజు, కాగితం వంటి చోట్ల ఈ మాటకు చాలా బలముంది. సిమెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రసాయన శాస్త్రం అడ్డం తిరుగుతుంది. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇది ఇంధనం పొగ కాదు, రాయి తన లోపలి నుంచి వదిలిన వాయువు. బొగ్గు బదులు సౌర విద్యుత్తుతో కాల్చినా, గోబర్ గ్యాస్‌తో కాల్చినా ఆ 44 కిలోలు 44 కిలోలే. సున్నపురాయికి బంకమట్టి, కాస్త ఇనుప ఖనిజం కలిపి 1,450 డిగ్రీల దాకా వేడి చేస్తే గోలీల్లాంటి నల్లటి ఉండలు వస్తాయి. అదే క్లింకర్. దానికి కొద్దిగా జిప్సం కలిపి మెత్తగా విసిరితే సిమెంటు. టన్ను క్లింకర్ తయారవడానికి రాయి నుంచి దాదాపు 525 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నేటి మంచి కిల్న్‌లో, అంటే క్లింకర్ కాల్చే కొలిమిలో, ఇంధనం నుంచి మరో 300 కిలోలు. మొత్తం 825 అనుకుంటే మూడింట రెండు వంతులకు దగ్గరగా రాయిదే పాపం.

అలాగని ఇంధనం విషయంలో జరిగిన పనిని తక్కువ చేయకూడదు. ఒకప్పుడు ముడిసరుకును నీళ్లతో కలిపి బురదగా చేసి కిల్న్‌లోకి పంపేవాళ్లు. ఆ బురదలో మూడో వంతు దాకా నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికే బొగ్గులో పెద్ద పాలు పోయేది. కిలో క్లింకర్‌కు 1,300 కిలోకేలరీలు ఖర్చయ్యేవి. తర్వాత పొడి పద్ధతి వచ్చింది. కిల్న్ నుంచి బయటికి పోయే వేడి గాలిని అంచెలంచెల ప్రీహీటర్ టవర్ గుండా పంపి, పైనుంచి దిగే రాతిపొడిని దానితోనే కాచారు. కల్వటాల దగ్గరో బిలకలగూడూరు దగ్గరో దూరం నుంచే కనిపించే ఆ ఎత్తైన కాంక్రీటు గోపురం పని అదే. ఇప్పుడు మంచి కిల్న్‌లు 700–740 కిలోకేలరీలతో సరిపెడుతున్నాయి. టవర్ దాటాక కూడా 300 డిగ్రీలకు పైగా వేడి మిగిలే గాలితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పి, ఫ్యాక్టరీకి కావలసిన కరెంటులో నాలుగో వంతు దాకా అక్కడే రాబట్టుకుంటున్నారు. ఇనుప గుండ్లు దొర్లించి పిండి చేసే పాత బాల్ మిల్లులు మింగే కరెంటులో అత్యధిక భాగం వేడిగానూ చప్పుడుగానూ పోయేది. వాటి స్థానంలో రోలర్ మిల్లులు వచ్చాయి. ఇదంతా ఫ్యాక్టరీల మంచితనం వల్ల జరిగిందనుకోనక్కర్లేదు. సిమెంటు ఖర్చులో ఇంధనం, కరెంటు పెద్ద పద్దులు కాబట్టి లెక్కలే వాళ్లను అటు నడిపించాయి. ఆ పైన 2012లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 'పాట్' పథకం తెచ్చి, ఎనిమిది రంగాల్లోని 478 పెద్ద కర్మాగారాలకు ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టింది. లక్ష్యం దాటినవాళ్లు మిగులును సర్టిఫికెట్లుగా అమ్ముకోవచ్చు, అందుకోలేనివాళ్లు కొనుక్కోవాలి. మొదటి విడత ముగిసేసరికి దేశం మొత్తం మీద పొదుపు లక్ష్యాన్ని మించింది.

అయితే ఈ దారిలో మిగిలిన దూరం ఎంత? రాయి విడిపోవడానికీ క్లింకర్ ఏర్పడడానికీ ప్రకృతి నియమం ప్రకారం కిలోకు దాదాపు 420 కిలోకేలరీలు కావాలి. అంతకంటే తక్కువలో ఏ ఇంజినీరూ క్లింకర్ చేయలేడు. గోడల గుండా, గాలి వెంట, క్లింకర్ వెంట కొంత వేడి పోక తప్పదు కాబట్టి ఆ హద్దు దాకా కూడా ఎవరూ వెళ్లలేరు. వెళ్లారనే అనుకుందాం. అప్పటికీ ఇంధనం వాటా 300 కిలోల నుంచి 170 కిలోల దగ్గరికి దిగుతుంది, మొత్తం 825లో తగ్గేది ఆరో వంతుకు మించదు. అసాధ్యమైన సంపూర్ణత సాధించినా దక్కేది అంతే. పత్తికట్టె, వేరుశనగ పొట్టు, పట్టణాల చెత్త వంటివి బొగ్గుకు బదులు వాడడం మంచిదే, యూరప్‌లో సగం ఇంధనం దాకా అలాంటిదే. కానీ అది కూడా ఆ 300 కిలోల గదిలో జరిగే పొదుపే. 525 కిలోల గది తలుపు దానితో తెరుచుకోదు. ఆ తలుపుకు ఒక్కటే తాళం చెవి ఉంది: ఒక్కో బస్తాకు తక్కువ రాయి కాల్చడం, ఒక్కో ఇంటికి తక్కువ బస్తాలు వాడడం. ఇంధనంలో కాకుండా సరుకులో పొదుపు.

మొదటిదాని గురించి ఇక్కడి నేలే చాలా నేర్పుతుంది. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994 నుంచి నడుస్తోంది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. ఆ మెత్తటి బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి. అవి సిమెంటు గట్టిపడేటప్పుడు వెలువడే సున్నంతో కలిసి కొత్త బంధాలు ఏర్పరుస్తాయి. పూర్వం గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపి కట్టిన గోడల బలం వెనక ఉన్నదీ ఇదే చర్య. అందుకే బూడిద సిమెంటులో, అంటే పీపీసీలో, 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ కలపడానికి భారతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది. లెక్క వేసి చూద్దాం. బూడిద కలపని మామూలు సిమెంటు ఓపీసీ, 53 గ్రేడ్ అందులో ఒక రకం. యాభై కిలోల ఓపీసీ బస్తాలో 47 కిలోలకు పైగా క్లింకరే. దాని వెనక దాదాపు 39 కిలోల కార్బన్ డయాక్సైడ్. 30 శాతం బూడిద కలిపిన బస్తా వెనక దాదాపు 27 కిలోలు. అంతటి తెలివైన కిల్న్‌ను పరిపూర్ణం చేసినా రాని పొదుపు, పనికిరాని బూడిదను కలపడం వల్ల వచ్చింది. 1999లో కేంద్రం బూడిద వాడకంపై నోటిఫికేషన్ ఇచ్చేనాటికి అది చెరువుల్లో కుమ్మరించే తలనొప్పి. 2024 చివర్లో అదే బూడిదను తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఎవరి లారీలు తోలాలన్న పంచాయితీ పత్రికలకెక్కింది. ఒక వ్యర్థం సరుకుగా మారిందనడానికి రాయలసీమలో ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదేమో! నంద్యాల జిల్లాలోని జేఎస్‌డబ్ల్యూ ఇంకో దారి పట్టింది. బళ్లారి జిల్లా తోరణగల్లులో ఆ గ్రూపు ఉక్కు కర్మాగారం ఉంది. ఇనుము కరిగించినప్పుడు పైన తేలే మడ్డిని నీళ్లతో చప్పున చల్లార్చి విసిరితే అది కూడా సిమెంటులా గట్టిపడుతుంది. ఈ స్లాగ్‌ను బస్తాలో సగం పైగా కలపవచ్చు, ప్రమాణం 70 శాతం దాకా అనుమతిస్తుంది. దేశం మొత్తం మీద చూస్తే 1996లో టన్ను సిమెంటుకు 1.12 టన్నులున్న కార్బన్ డయాక్సైడ్ 2010 నాటికి 0.72 టన్నుల దగ్గరికి దిగింది. అందులో కిల్న్‌ల బాగుదలకు వాటా ఉంది, బూడిదకూ స్లాగ్‌కూ గట్టి వాటానే ఉంది.

ఇక్కడే మేస్త్రీల నుంచి మొదటి అభ్యంతరం వస్తుంది. "బూడిద సిమెంటు స్లాబుకు పనికిరాదు, 53 గ్రేడే తెండి" అనడం పల్లెల్లో మామూలు. దీన్ని మూఢనమ్మకం అని తోసేయడం న్యాయం కాదు. బూడిద చర్య నెమ్మది. మొదటి వారంలో పీపీసీ బలం ఓపీసీ కంటే వెనకబడే ఉంటుంది, సెంట్రింగ్ త్వరగా ఊడదీసి ఇంకో ఇంటికి తరలించాలనుకునే మేస్త్రీకి అది నష్టమే. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కూడా ఓపీసీకి చెప్పిన ఊడదీత గడువులను మిగతా సిమెంట్లకు తగినట్టు మార్చుకోవాలంటుంది. కానీ 28 రోజులు దాటాక, రెండు మూడు నెలలకు ఆ తేడా చెరిగిపోతుంది. రంధ్రాలు చిన్నవై, ఉప్పునీరూ సల్ఫేటూ లోపలికి దిగడం తగ్గుతుంది. అసలు లోపం తడపడంలో ఉంది. వేడీ పొడిగాలీ ఉన్న చోట ఓపీసీ కాంక్రీటును కనీసం పది రోజులు, బూడిద వంటివి కలిసిన కాంక్రీటును 14 రోజులు తడిగా ఉంచాలని అదే ప్రమాణం చెబుతోంది. వేసవిలో కోయిలకుంట్ల, సంజామల మండలాల్లో నీళ్ల కటకట తెలిసిందే. మూడు రోజులు తడిపి వదిలేసిన స్లాబు బీటలిస్తే నింద సిమెంటు మీద పడుతుంది. గోనెసంచులు పరచడం, మడులు కట్టి నీళ్లు నిలపడం చవకైన పనులే. అయినా పహిల్వాన్ల బొమ్మలతో బలం గురించి ఊదరగొట్టే ప్రకటనల్లో తడి గురించి ఒక్క మాట ఉండదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. బూడిద బొగ్గు నుంచి, స్లాగ్ బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వస్తాయి. ఆ కర్బనాన్ని కరెంటు ఖాతాలోనో ఉక్కు ఖాతాలోనో రాసి సిమెంటు చేతులు కడుక్కుంటోంది, ఇది అరువు పొదుపు అని విమర్శ. నిజమే. అయితే ఆ బూడిద ఎలాగూ పుడుతోంది. చెరువులో పారబోయడం కంటే బస్తాలో కలపడం మేలని ఒప్పుకోవడానికి ఖాతాల తగాదా అడ్డం కాదు. అసలు చిక్కు మరోటి. స్లాగ్ ప్రపంచ సిమెంటు ఉత్పత్తిలో పదో వంతుకు కూడా చాలదు, ఉన్నదాన్లో ఎక్కువ భాగం ఇప్పటికే వాడుకలో ఉంది. దేశంలో ఇప్పుడు ఏడాదికి 30 కోట్ల టన్నులకు పైగా బూడిద పుడుతున్నా, బొగ్గు కేంద్రాలు తగ్గే కొద్దీ అదీ తగ్గాల్సిందే. అంటే ఇంకొకరి వ్యర్థం మీద ఆధారపడని మార్గం కావాలి. స్విట్జర్లాండ్‌లో కారెన్ స్క్రివెనర్, క్యూబాలో ఫెర్నాండో మార్టిరేనా, మన దేశంలో ఢిల్లీ, మద్రాసు ఐఐటీల పరిశోధకులు కలిసి తీర్చిదిద్దిన ఎల్‌సీ3 సిమెంటు అలాంటిది. అందులో క్లింకర్ సగమే. 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, మిగతా జిప్సం. కయొలిన్ ఉన్న మట్టిని 700–850 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు, అందులోంచి పోయేది నీటి ఆవిరే. కాల్చిన మట్టిలోని అల్యూమినా, కాల్చని రాతిపొడి కలిసి కొత్త స్ఫటికాలుగా ఏర్పడి రంధ్రాలను పూడుస్తాయి. బస్తాకు లెక్క వేస్తే కార్బన్ డయాక్సైడ్ 24 కిలోల చుట్టూ తేలుతుంది. ఈ సిమెంటుకు 2023లో ఐఎస్ 18189 పేరుతో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది, అంటే ఇది ప్రయోగశాల దశ దాటింది.

ఇప్పుడు బేతంచెర్ల రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉన్న నాపరాతి ముక్కలను ఇంకో కన్నుతో చూడవచ్చు. గనిలో తీసిన రాయిలో పలకగా అమ్ముడుపోయేది కొంతే. అంచులు విరిగినవి, బీటలున్నవి, మందం కుదరనివి గుట్టకు చేరతాయి. కోతలోనూ పాలిష్‌లోనూ నీళ్లతో కొట్టుకుపోయే తెల్లటి బురద ఆరితే పిండిలాంటి సున్నపురాతి పొడి. రాయిని పొడి చేయడానికి వెచ్చించాల్సిన కరెంటు అప్పటికే ఖర్చయిపోయి, వాగుల్లో పొలాల్లో పేరుకుంటోంది. ఎల్‌సీ3లోని 15 శాతం కాల్చని పొడికి ఇది సహజమైన అభ్యర్థి. ఆ రాయిలో సిలికా పాలు ఒక గనికీ ఇంకో గనికీ మారుతుంది కాబట్టి ప్రతి గుట్టనూ పరీక్షించకుండా మిల్లుకు ఎత్తలేం. కానీ కిల్న్‌లోకి వెళ్లే రాయికి కావలసినంత కచ్చితత్వం నింపుడు పొడికి అక్కర్లేదు.

ఫ్యాక్టరీ గేటు దాటాక జరిగే వృథా ఇంకా పెద్దది, ఇంకా తక్కువ మాట్లాడుకునేది. మన దేశంలో సిమెంటు ఎక్కువగా బస్తాల్లో, సొంతిల్లు కట్టుకునేవాళ్ల చేతికే పోతుంది. అక్కడ కాంక్రీటు నిర్ణయించేది ఇంజినీరు కాదు, తట్టల లెక్క. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర. మాలు జారుడుగా ఉంటే పరచడం సులువు కాబట్టి నీళ్లు ఇంకో బకెట్టు. 1918లో షికాగోలో డఫ్ అబ్రామ్స్ వేల దిమ్మెలు పగలగొట్టి తేల్చిన సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు: సిమెంటుతో పోల్చిన నీటి పాలు పెరిగే కొద్దీ బలం పడిపోతుంది. ఆ పడిపోయిన బలాన్ని పూడ్చడానికి ఇంకో బస్తా కలుపుతారు. బకెట్టు నీళ్లకు పరిహారంగా 27 నుంచి 39 కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్నమాట. మాలులో కొద్దిగా ప్లాస్టిసైజర్ కలిపితే నీళ్లు పెంచకుండానే మాలు జారుతుంది. గోడల పూతకూ ఇటుకల మధ్య మాలుకూ 53 గ్రేడ్ వాడడం శుద్ధ దండగ, అక్కడ అంత బలంతో పనే లేదు. ఇదేదో పల్లె మేస్త్రీల చదువులేనితనం అనుకోకండి. కేంబ్రిడ్జిలో మోయ్నిహాన్, ఆల్‌వుడ్ 2014లో బ్రిటన్‌లోని 23 భవనాల్లో పదివేలకు పైగా ఉక్కు దూలాలను లెక్కగట్టి చూస్తే, అవి సగటున తమ సామర్థ్యంలో సగం కూడా వాడుకోవడం లేదని తేలింది. డిగ్రీలున్న ఇంజినీర్లు గీసిన భవనాలవి. భయానికి కాస్త, తీరిక లేకపోవడానికి కాస్త కలిపి అందరూ ఎక్కువే వేస్తారు. ఇంతకంటే విచిత్రం నేలబండలది. నాపరాయిని కోయడానికి, నునుపు చేయడానికి కరెంటు చాలు, కాల్చడం ఉండదు. అలాంటి రాయి కాలి కింద పుట్టే ఊళ్లలో కొత్త ఇళ్లకు గుజరాత్ మోర్బీలో 1,200 డిగ్రీల దగ్గర కాల్చిన టైల్స్ లారీల్లో దిగుతున్నాయి, పాలిష్ ఫ్యాక్టరీలు గిరాకీ లేక ఆగుతున్నాయి. మెరుపు కావాలనుకోవడం తప్పు కాదు. కానీ ధర చీటీ మీద కర్బనం కనిపించదు, కనిపిస్తే ఎంపిక ఇంత ఏకపక్షంగా ఉండేది కాదు.

పొదుపు చేస్తే సరుకు చవకై వాడకం ఇంకా పెరుగుతుంది కదా అనే మాటను 1865లోనే స్టాన్లీ జెవన్స్ బొగ్గు విషయంలో లేవనెత్తాడు. సిమెంటుకు అది కొంతే వర్తిస్తుంది. బస్తా పది రూపాయలు తగ్గిందని ఎవరూ ఇంకో గది వేయరు. ఇల్లు కట్టాలా వద్దా అన్నది పంటా, పెళ్లిళ్లూ, అప్పూ తేల్చే విషయం. అయితే జెవన్స్ మాటకు ఇంకో కోణం ఉంది, దాన్ని కప్పిపుచ్చకూడదు. క్లింకర్ వాటా తగ్గితే అదే గని నుంచి, అదే కిల్న్ నుంచి ఎక్కువ బస్తాలు వస్తాయి, ఫ్యాక్టరీకి విస్తరణ సులువవుతుంది. 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం కింద 2025లో సిమెంటుకు ఖరారైన లక్ష్యాలు కూడా టన్నుకు ఎంత అన్నవే గాని మొత్తం ఎంత అన్నవి కావు. టన్నుకు తగ్గి మొత్తం పెరగడం పూర్తిగా సాధ్యం. మన దేశంలో తలసరి సిమెంటు వాడకం ప్రపంచ సగటు కంటే బాగా తక్కువ, ఇంకా పక్కా ఇల్లు లేని కుటుంబాలున్నాయి. కాబట్టి మొత్తం మీద ఇప్పుడే కత్తెర వేయమనడం అన్యాయం. అందుకే ఫ్యాక్టరీకి పెట్టిన లక్ష్యం ఒక్కటే చాలదు, వాడేచోట పొదుపూ దానితోపాటు నడవాలి. కట్టే ఇళ్ల సంఖ్యను తగ్గించకుండా బస్తాల సంఖ్యను తగ్గించగలిగేది అదొక్కటే.

మరి వెలువడిన వాయువును పట్టి భూమిలో దాచేస్తే ఈ గొడవంతా ఎందుకు అనవచ్చు. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీ 2025 నుంచి ఆ పనే చేస్తోంది, ఏడాదికి నాలుగు లక్షల టన్నులు, ఆ ఫ్యాక్టరీ వదిలేదాన్లో సగం. పట్టిన వాయువును ఓడల్లో తీసుకెళ్లి ఉత్తర సముద్రం అడుగు రాతిపొరల్లోకి పంపుతారు, ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరించింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న కొలిమిగుండ్లకు ఆ గొట్టమూ ఆ ఓడా ఎప్పుడొస్తాయో లెక్కపెట్టుకుంటూ కూర్చునే కంటే, పట్టాల్సిన వాయువే సగానికి తగ్గితే రేపు ఆ యంత్రం వచ్చినా చిన్నదే సరిపోతుంది. ఎల్‌సీ3కి కావలసిన వాటిలో క్లింకర్ ఇక్కడ ఉంది, రాతిపొడి గుట్టల్లో ఉంది. మిగిలింది మట్టి. బేతంచెర్ల చుట్టూ కావిరాయి తవ్వే చోట్ల, అవుకు షేల్ పొరల్లో తెల్లమట్టీ పచ్చమట్టీ దొరుకుతాయి. కయొలిన్ 40 శాతం దాటిన మట్టి ఈ సిమెంటుకు పనికొస్తుంది. అందుకు పింగాణీకి కావలసినంత తెలుపు అక్కర్లేదు, ఇనుము కలిసి ఎర్రబడినదైనా ఫరవాలేదు; రంగు పట్టింపు ఉన్న పరిశ్రమలు వదిలేసిన మట్టే చాలు. దాన్ని కాల్చడానికి కొత్త ఫ్యాక్టరీ కూడా కట్టనక్కర్లేదు. క్లింకర్‌కు లాభసాటి కాక ఆగిపోయిన పాత రోటరీ కిల్న్‌ను కొద్ది మార్పులతో మట్టి కాల్చడానికి వాడవచ్చు, దానికి కావలసిన వేడి క్లింకర్‌కు కావలసిన వేడి కంటే తక్కువే. మొదటి పని గుట్టకో నమూనా, మట్టి గనికో నమూనా తీసి పరీక్షకు పంపడం.